నలభై రెండో తాడు

వానకాలం, తొమ్మిదో రోజు

రేవుల శాఖవారు ఇచ్చిన ఈ పుస్తకంలో ముందు పేజీలు సభ రికార్డు కోసం. వెనక పేజీలు దేనికో ఎవరూ చెప్పలేదు. కాబట్టి అవి నావి.

పేరు పైడి. వయసు పదహారు. ఊరు కెలంబర దేశం, ఉలా నది సముద్రంలో కలిసేచోట, నాలుగో తెప్ప. ఉద్యోగం లేఖరి. నిన్నటిదాకా నేను మా ఇళ్లని నీళ్ల మీద తేల్చే వెదుళ్లకు పట్టిన నత్తలు గీకే పిల్లని. ఇవాళ కూడా పొద్దున నత్తలు గీకాను, తేలే తూటికూర మళ్లు ఎండవైపు తిప్పాను, వాన నీళ్ల తొట్టి కడిగాను. కానీ లేఖరిగా గీకాను, లేఖరిగా కడిగాను. మా మామ్మకి తేడా కనిపించలేదు.

"ఏటే, నత్తలు సగం వదిలీసినావు? నీ ఉద్యోగం తినేస్తన్నాదేటి నీ సేతుల్ని?" అంది.

మధ్యాహ్నం సభ జరిగింది. సభ తెప్ప మా ఇంటికే కట్టి ఉంటుంది, మామ్మ తాళ్ల పెద్ద, అంటే ఊరిని కట్టే తాళ్లు చూసుకునే మనిషి కాబట్టి. దాని నడిమి గుంజకి పోయిన నెలలో శాఖవారు 'శ్రోత'ని బిగించారు. కొబ్బరికాయంత ఉంటుంది. వింటుంది, మాట్లాడుతుంది, విన్నదంతా రాజధానికి పంపుతుంది. దానికి కళ్లు లేవు. రోజుకొక కొత్త మాటకి అర్థం అడిగితే విసుక్కోకుండా చెబుతుంది. బళ్లో మా మాస్టారు మూడో మాటకే విసుక్కుంటారు.

రాజధాని నుంచి బయాన్ గారని ఒక అధికారి వచ్చారు. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. మా భాష పుస్తకాల్లో నేర్చుకున్నారట, ఎక్కడా తడబడరు. ఇక్కడ రేవు కట్టబోతున్నారట. మా నలభై ఒక్క ఇళ్లనూ విప్పేసి, మమ్మల్ని గట్టుమీద పద్దెనిమిది అంతస్తుల మేడలోకి మారుస్తారట. ఇంటికి రెండు గదులు, కొళాయి.

"మీకు ఏమైనా అభ్యంతరమా?" అని మూడుసార్లు అడిగారు. అందరూ నిమ్మగడ్డి టీ తాగారు. ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రం రికార్డు రాశాను. "సభ నిండుగా జరిగింది. నలభై ఒక్క ఇళ్ల పెద్దలూ శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ కాదనలేదు." మూడో వాక్యం ఎంత పొట్టిగా, ఎంత బిగువుగా వచ్చిందో! నాలుగుసార్లు చదువుకున్నాను. శ్రోతకి వినిపించాను.

"స్పష్టంగా ఉంది. పంపుతున్నాను," అంది.

పదో రోజు

పొద్దున లేచేసరికి ఊరంతా వదులు పెట్టేశారు.

మా ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక పెద్ద తాడు ఉంటుంది. దాన్ని పక్కింటి గుంజకి బిగించి కడతాం. అలా నలభై ఒక్క ఇళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని, ఊరు మొత్తాన్ని నాలుగు గొలుసులు నది అడుగుకి పట్టుకుని ఉంటాయి. ఎవరైనా ఒక సంగతి ఒప్పుకోకపోతే నోటితో చెప్పరు. మర్నాడు పొద్దున తమ తాడు ఒక బార వదులు చేస్తారు. ఇంటికీ ఇంటికీ మధ్య బారెడు నీళ్లు కనిపిస్తాయి. చూసినవాళ్లకు అర్థమవుతుంది. పొద్దుకుంకేసరికి మళ్లీ లాగి కట్టేస్తారు. ఈ అలవాటు ముందునుంచీ ఇక్కడే ఉన్న నదివాళ్లది. సముద్రం దాటి బియ్యం మిల్లుల్లో పనికి వచ్చిన మా పెద్దలు వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరు ఎవరో చెప్పడం కష్టం. సూరప్ప మామ భార్య లిమా అత్త నదిపిల్ల, కానీ ఆవిడ పెట్టినంత బాగా ఆవకాయ మా మామ్మ కూడా పెట్టదు.

నలభై ఒక్క ఇళ్లూ వదులు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సందుసందుకీ దూకేసరికి మోకాళ్లు పీకాయి. మూడో దూకుడుకి రెండు చేపలు నదికే తిరిగి వెళ్లిపోయాయి.

రాత్రి ఊళ్లోనే ఆగిన బయాన్ గారు పడవ ఎక్కుతూ చుట్టూ చూసి, "ఈ రోజు అలలు ఎక్కువగా ఉన్నట్టున్నాయి. ఇళ్లు బాగా ఎడం జరిగాయి," అన్నారు. సూరప్ప మామ ఆయన చెయ్యి పట్టుకుని మర్యాదగా పడవ ఎక్కించాడు.

ఇదంతా రికార్డులో రాయాలని నాకు తట్టలేదు. పోటు వస్తే నీళ్లు పెరిగాయని ఎవరైనా రాస్తారా?

పదహారో రోజు

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున శ్రోత గట్టిగా చదివింది. "నాలుగో తెప్ప ఏకగ్రీవంగా సమ్మతించింది. ముప్ఫయ్యో రోజున తరలింపు. ఆధారం, సభ రికార్డు, మూడో వాక్యం. ఒక్కరూ కాదనలేదు."

చేతిలో వలతో సూరప్ప మామ సభ తెప్ప మీదికి వచ్చాడు. వెనకే మిగతావాళ్లు.

"ఒక్కరూ కాదనలేదా? మేం వదులు పెట్టినాం కదేటి! ఈ మాట ఎవులు రాసినారు?"

"నానే, మామా."

"వదులు సంగతి రాయలేదా?"

"లేదు."

"ఎందుకు రాయలేదే?"

"ఎవరూ ఏమీ అనలేదు కదా, మామా. అన్నది రాసినాను," అన్నాను.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పదిహేడో రోజు

ఇవాళ మా ఇంటి చుట్టూ ఒక బార కాదు, నాలుగేసి బారల నీళ్లు ఉన్నాయి. నాలుగువైపులా వదులు పెట్టారు. రోజూ కిటికీలోంచి చెయ్యి చాచి చింతపండు అడిగే లిమా అత్త ఇవాళ పడవ వేసుకుని అవతలి వరసకి వెళ్లి అడిగింది. సాయంత్రమైనా ఎవరూ తాళ్లు లాగలేదు.

మామ్మ సగ్గుజావ గిన్నె నా ముందు పెట్టింది.

"తిను. తిని నత్తలు గీకు."

"నీకు కోపం లేదేటి మామ్మా?"

"ఉన్నాది. నానెటు వదులు పెడతాను? ఇల్లొకటే కదే."

పంతొమ్మిదో రోజు

శ్రోతని అడిగాను, రాసింది తప్పని, దిద్దాలని. దిద్దడం కుదరదంది. ఇంటి పెద్దలు ఒక్కొక్కరూ తన ఎదుట నిలబడి 'నాకు సమ్మతం లేదు' అని నోటితో చెబితే లెక్కలోకి వస్తుందంది. అంతే కదా అనుకుని ఆ నాలుగు బారలూ ఈది సూరప్ప మామ ఇంటికి వెళ్లాను. ఆయన చెడిపోయిన పడవ మోటారు ముందు కూర్చున్నాడు. అది చెడిపోయి మూడేళ్లయింది. రోజూ దాని ముందు కాసేపు కూర్చుంటాడు.

"మామా, ఒక్క మాట. మూడు ముక్కలు. సెప్పీసి వచ్చీ."

"నోటితో కాదనమంటావు?"

"ఊరు పోతాది మామా!"

"ఓలమ్మా, దీనికి సదువెక్కువైపోనాది!" అని లిమా అత్త లోపలి నుంచి అంది. నాతో మాట్లాడలేదు, గోడతో మాట్లాడింది. కానీ నాకు వినిపించేలా మాట్లాడింది.

మామ మోటారు మీద చెయ్యి వేశాడు. "తాడు వదులు సేస్తే సాయంత్రానికి కట్టుకుంటాం. నోటితో కాదనీసిన మాటని ఏ తాడేసి లాగుతావే? మా తాత వాళ్లన్నతో ఒకపాలి నోటితో కాదన్నాడు. సచ్చిందాకా ఇద్దరూ మళ్లీ మాటాడుకోలేదు. అలాటి మాట నానాడను. ఈ ఊళ్లో ఎవులూ ఆడరు."

"అయితే మేడకి ఎలిపోతావా?"

"ఎలిపోనని పదో రోజునే సెప్పినాను. నీకు వినిపించకపోతే తప్పు నాదేటి?"

లిమా అత్త చెల్లెలిది మూడో తెప్ప. రెండేళ్ల కింద వాళ్లని గట్టు మేడకి మార్చారు. ఆవిడ ఉత్తరాలు మొదట్లో నేనే చదివి వినిపించేదాన్ని. "ఇక్కడ గోడలు కదలవు అక్కా. ఒప్పుకోనని చెప్పే దారి లేదు. అందుకని అందరూ అరుచుకుంటున్నారు. పోయిన వారం పక్కింటివాళ్లతో అరిచాను. ఇంక వాళ్ల మొహం చూడలేను." అప్పుడు ఆ ఉత్తరం కమ్మగా ఉందని చదివాను. ఏం చదివానో ఇప్పుడు అర్థమయింది.

తిరిగి ఈదుకుంటూ వస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా ఊరు తన మాట చెప్పింది. నలభై ఒక్క నోళ్లతో కాదు, నలభై ఒక్క తాళ్లతో. వినలేనిది ఆ కొబ్బరికాయ. వినడం తెలిసీ రాయనిది నేను. అలాంటప్పుడు అలవాటు మార్చుకోవలసింది మా వాళ్లా?

ఇరవై రెండో రోజు

శ్రోతని కొత్త మాటలు అడగడం మానేశాను. ఇవాళ పాత మాట అడిగాను.

"తెప్ప అంటే ఏమిటి?"

"పది ఇళ్లు గానీ అంతకు మించి గానీ ఒకదానికొకటి తాడుతో కలిసి ఉంటే తెప్ప. తరలింపు ఉత్తర్వులు తెప్పకి ఇస్తారు."

"తాడు లేని ఇల్లు?"

"నీటి మీద విడిగా ఉంటే అది పడవ."

"పడవని తరలించవచ్చా?"

"ఒక్కో పడవకి విడిగా విచారణ జరగాలి. విచారణ లేకుండా పడవని లాగడం నేరం. ఇంకేమైనా మాటలు తెలుసుకోవాలా?"

"వద్దు. స్పష్టంగా ఉంది," అన్నాను.

ఇరవై మూడో రోజు

మామ్మని సభ తెప్పకి దూరంగా, తూటికూర మళ్ల చివరికి తీసుకెళ్లి అంతా చెప్పాను. విని చాలాసేపు కూర కోసింది.

"వదులు కాదు, పూర్తిగా విప్పాలంటావు."

"అవును మామ్మా."

"ఎవులూ విప్పలేదే అలగ. నా అత్త కాలంలో కూడా లేదు. వానకాలపు నది ఇది. తాడు లేకపోతే పొద్దున్నకి సముద్రంలో ఉంటాం."

"ప్రతి ఇంటికీ లంగరుంటే?"

"ఇనుము ఎక్కడున్నాది? రాయెక్కడున్నాది? వెదురు మీద బతికేవోళ్లం."

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లింది. కాసేపటికి రాయి నేలమీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. మామ్మ వంగి రుబ్బురోలు దొర్లించుకుంటూ వస్తోంది. మిల్లు పనికి వచ్చిన మొదటి మనిషి మా పెద్దల పాత ఊరి నుంచి ఓడలో తెచ్చిన రోలు అది. దాన్ని ఎవరి పెళ్లికీ ఎరువివ్వలేదు. దాన్ని గుమ్మం ముందు అందరికీ కనిపించేలా నిలబెట్టి, నడుముకి కొత్త కొబ్బరితాడు మూడు చుట్లు చుట్టింది. రెండో కొస మా ఇంటి గుంజకి కట్టింది. పక్కింటి వైపు ఉన్న పాత తాడుని కాలితో ఒక్కసారి కదిపి చూపించింది.

తర్వాత రోలు పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. శ్రోతకి వినిపించింది ఉల్లిపాయలు తరిగిన చప్పుడే.

అటూ ఇటూ పడవల్లో వెళ్లేవాళ్లు తెడ్లు ఆపి చూశారు. ఒక్కరూ అడగలేదు.

ఇరవై నాలుగో రోజు

పొద్దున సూరప్ప మామ గుమ్మంలో మోటారు కనిపించింది. నడుముకి తాడు.

ఇరవై ఎనిమిదో రోజు

గుమ్మాల్లో ఉన్నవి ఎదురెదురు వరసల్లో చూసి రాసుకున్నాను. రోళ్లు ఆరు. సిమెంటు నింపిన డబ్బాలు ఇరవై అయిదు. పాత లంగర్లు నాలుగు. మిల్లు చక్రం ఒకటి, దాన్ని నది అడుగు నుంచి ఎనిమిదిమంది తీశారు. మామ మోటారు, చేపల రాతి తొట్టి, గుడిగంట, కుట్టుమిషను కాళ్లు. బరువైనదేదీ లేని ఇల్లు ఒకటి మిగిలితే, దానికి ఏడిళ్లవాళ్లు ఏడు ఇనప మూకుళ్లు ఇచ్చారు. ఇసక నింపి గోనెలో కుట్టారు. ఈ వారం ఊళ్లో ఎవరింట్లోనూ పచ్చడి లేదు.

పొద్దున మామ్మ అందరూ చూస్తుండగా దండెం మీది ఎర్ర చీర తీసి, వెంటనే పాత తాడు ముడి మీద చెయ్యి వేసి చూపించింది.

బయాన్ గారు ఫోనులో శ్రోతని అడిగారు, "ఊరు ఎలా ఉంది?" అని.

"ప్రశాంతం. అభ్యంతరాలు సున్నా," అంది శ్రోత.

మా ఇంటి చుట్టూ నాలుగు బారలూ అలాగే ఉన్నాయి.

ముప్ఫయ్యో రోజు

చేతులు మంటపుడుతున్నాయి. అయినా ఇవాళే రాయాలి.

తెల్లవారి కాసేపటికి మూడు లాగుడు పడవలు వచ్చాయి. వాటిని నది మలుపులో ఆపి, బయాన్ గారు చిన్న పడవలో సభ తెప్పకి వచ్చారు. పడవవాడు ఆయన్ని దింపి వెనక్కి వెళ్లిపోయాడు. సన్నగా వాన. నేను పుస్తకం పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను, లేఖరిని కదా. మా గుమ్మంలో మామ్మ ఉంది. దండెం మీద ఆవిడ ఎర్ర చీర వానలో తడుస్తోంది.

బయాన్ గారు గొంతు సవరించుకుని ఉత్తర్వు చదవడం మొదలుపెట్టారు. నాలుగు పేజీలు. ఆయనకి కాగితం తడవకూడదు, అందుకని గొడుగు దాని మీదికి వంచి తలకూడా దించి చదివారు. రెండో పేజీలో మామ్మ లేచి దండెం మీది చీర తీసింది.

నలభై ఒక్క గుంజల దగ్గర నలభై ఒక్కమంది వంగారు. ముడులు, నాలుగు గొలుసుల కొక్కేలు ముందే సడలించి ఉన్నాయి. తాళ్లు నీళ్లలో పడిన చప్పుడు వానలో కలిసిపోయింది. తర్వాత లంగర్లు. రోళ్లు, డబ్బాలు, గంట. గంట ఒక్కటి మునిగేముందు ఒకసారి మోగింది.

బయాన్ గారు తలెత్తలేదు. "గుడిలో పూజ అనుకుంటాను," అని మూడో పేజీ తిప్పారు.

ఇళ్లు కదిలాయి. ఉలా నది ఒక్కో ఇంటిని ఎత్తి ఒక్కో వైపు పెట్టింది. సూరప్ప మామ ఇల్లు గుండ్రంగా ఒకసారి తిరిగింది. లిమా అత్త కోళ్లగూడు పట్టుకుని కేకలేసింది. మా ఇల్లు కూడా లాగింది, నా కాళ్ల కింద సభ తెప్ప దానితో పాటే సాగింది. ఒక్క క్షణం రోలు ఆగలేదు, నది అడుగున జారుతూనే ఉంది. తర్వాత తాడు బిగుసుకుంది. ఇల్లు ఆగింది. ఒక్కొక్కటే అన్నీ ఆగాయి.

"...కావున నాలుగో తెప్ప వాసులు..." అని చదువుతూ బయాన్ గారు తలెత్తారు. చుట్టూ తిరిగి చూశారు. నది నిండా ఇళ్లు. ఏ రెండింటి మధ్యా పది బారలకు తక్కువ లేదు.

"ఊరు... ఊరు ఏది?" అన్నారు.

"ఏ ఊరండీ? ఇవి పడవలు," అన్నాను. "నలభై ఒకటి. ఒక్కోదానికి విడిగా విచారణ ఉండాలి. శ్రోతని అడగండి."

అడిగారు. శ్రోత నియమం చదివి వినిపించింది, ఇరవై రెండో రోజున నాకు చదివినట్టే, ఒక్క మాట తేడా లేకుండా.

ఆయన గొడుగు ముడిచారు. వాన మొహం మీద పడనిచ్చారు. "మీరు ఒక్క మాట చెప్పి ఉంటే! మూడుసార్లు అడిగాను. ఒక్కరు వద్దంటే నేను అక్కడే రాసుకునేవాణ్ని."

"మర్నాడు పొద్దున్నే చెప్పారండీ. మీరు అలలనుకున్నారు. నేను రాయలేదు."

ఆయన ఆ పొద్దుని గుర్తు చేసుకుంటున్నట్టు నీళ్లవైపు చూశారు. అప్పుడు శ్రోత, "సభ ఇంకా ముగియలేదు. ఇంటి పెద్దలకి అభ్యంతరం ఉంటే స్పష్టంగా చెప్పండి," అంది.

మామ్మ నావైపు చూసింది. తర్వాత తన గుమ్మం పక్కనున్న గుంజవైపు చూసింది. దానికి ఇంకొక తాడు ఉంది. మా ఇంటికి సభ తెప్పని కట్టే తాడు, నలభై రెండోది. తాళ్ల పెద్ద తప్ప దాన్ని ఎవరూ ముట్టకూడదు.

"ఇలా రావే పైడీ. మోకాళ్లు నొప్పులు నాకు. వంగలేను," అంది, ఇందాకే వంగి మా తాడు విప్పిన మనిషి.

నేను మా గుమ్మంలోకి దూకి వంగాను. వానకి ఉబ్బి రాయిలా ఉంది ముడి. గోళ్లు విరిగాయి, పళ్లతో లాగాను. విప్పాను.

సభ తెప్ప మెల్లిగా దూరమయింది, దాని మీద గుంజ, గుంజకి శ్రోత, పక్కన బయాన్ గారు.

"వినిపించడం లేదు. దయచేసి స్పష్టంగా చెప్పండి," అంది శ్రోత.

"ఇంతకన్నా ఎలగ సెప్పాలే దానికి?" అని సూరప్ప మామ పది బారల అవతలి నుంచి కేకవేశాడు. నది మీద నలభై ఒక్క గుమ్మాల్లోంచి నవ్వు వినిపించింది. బయాన్ గారు గుంజ పట్టుకుని, రెండో చేత్తో గొడుగు మళ్లీ తెరిచారు. పోతూపోతూ తల కొంచెం వంచారు, మామ్మకో నాకో తెలియదు. నది మలుపులో లాగుడు పడవ ఆయన్ని ఎక్కించుకుంది. పొద్దున ఊరంతా లాక్కుపోదామని వచ్చినవాటికి దొరికింది ఆ సభ తెప్ప ఒక్కటే.

ముప్ఫై మూడో రోజు

సభ తెప్పని మలుపులోనే కట్టి వదిలేశారు. విచారణలు వానకాలం తర్వాతట, నెలకి రెండు పడవలు చొప్పున. అంటే కడపటి పడవ వంతు వచ్చేసరికి నాకు పద్దెనిమిదేళ్లు దాటతాయి. ప్రతి విచారణకీ ఆ ఇంటి లేఖరి ఉండవచ్చట. ఊళ్లో రాయడం వచ్చిన పిల్లలు ఇద్దరున్నారు. మిగతావాళ్లకి రేపటి నుంచి నేర్పుతాను. చెవికి వినిపించింది ఒక వరస, కంటికి కనిపించింది ఒక వరస, అలా రాయాలి.

నియమం పది ఇళ్లంది. తొమ్మిదంటే ఏమీ అనలేదు. అందుకని నిన్నటి నుంచి తొమ్మిదేసి ఇళ్లు కలిసి కట్టుకుంటున్నారు. నాలుగు తొమ్మిదులు, ఒక అయిదు. ఎవరు ఎవరితోనన్నది ఎవరూ నోటితో అనుకోలేదు.

మా ఇల్లు నిన్న పొద్దంతా ఒంటరిగానే ఉంది. మామ్మ గుమ్మంలో కూర్చుని కూర తరిగింది. నేను నత్తలు గీకాను, ఒక్కటి వదలకుండా.

ఇవాళ పొద్దున ఏదో తడిగా వచ్చి నా వీపు మీద పడింది. వెనక్కి తిరిగాను. తాడు కొస. అవతలి గుమ్మంలో సూరప్ప మామ, వెనక లిమా అత్త. ఆవిడ చేతిలో ఖాళీ గిన్నె.

నేను కొస అందుకుని మా గుంజకి చుట్టి లాగాను. పది బారలూ లాగాను. రెండిళ్ల వెదుళ్లూ తగిలి టక్కుమన్నాయి.

లిమా అత్త కిటికీలోంచి చెయ్యి చాచింది.

"సింతపండున్నాదేటే?"

చింతపండు ఇచ్చాక ఈ పుస్తకం ముందువైపు తిప్పి, తొమ్మిదో రోజు పేజీలో మూడో వాక్యం కింద ఇలా రాశాను. మధ్యాహ్నం పడవ వేసుకుని మలుపుకి వెళ్లి శ్రోతకి చదివి వినిపిస్తాను. రికార్డు దిద్దడం కుదరదంటే రోజూ వెళ్లి రోజూ చదువుతాను.

"మర్నాడు పొద్దున నలభై ఒక్క ఇళ్లూ బారెడు వదులు పెట్టాయి. నేను చూశాను. ముప్ఫయ్యో రోజున నలభై ఒక్క ఇళ్లూ తాళ్లు విప్పాయి. నలభై రెండోది నేను విప్పాను. లేఖరి, పైడి."